తెల్ల రుమాలు

ఆదివారం పదింటికి రమ్మన్నాడు
బ్రోకరు గౌరీశు.
ఆదివారం పదింటికి ఏ ఇల్లైనా
తలస్నానం చేసి కూర్చునే ఉంటుంది.

అందుకే మళ్ళీ వెళ్ళాను, చెప్పకుండా,
మంగళవారం తెల్లారగట్ల నాలుగున్నరకి.
లారీలు గేరు మార్చే మలుపు
సరిగ్గా పడగ్గది కిటికీ కిందే.
ప్రహరీ మీద నీళ్ళసీసా పెట్టి చూశాను,
నీళ్ళకి నిద్ర లేదు.

కంచరపాలెం వైపు ఇంకొకటి.
కొత్త సున్నం, కొత్త గుమ్మాలు.
తలుపు వెనక మాత్రం మోకాలెత్తున
రంగు దాచలేని ఒక గీత.
"కాస్త చెమ్మండీ" అన్నాడు గౌరీశు.
ఎదురింటి గడపలు మూడేసి మెట్లు
ఎందుకెక్కాయో అతను చెప్పలేదు.
పక్కసందులో చెత్తకింద గెడ్డ చెప్పింది,
గొంతు తగ్గించి.
వాన కురిస్తే దాని పాత దారి
దానికి గుర్తొస్తుంది.
ఆ దారి మీద సర్వే నెంబరు
రాసుకున్నది మనమే.

మధురవాడలో పన్నెండంతస్తులు.
బాల్కనీలోంచి సముద్రం బొటనవేలంత.
వెనకవైపు కొండ,
కొరికి వదిలేసిన పుచ్చముక్కలా.
"రాళ్ళు పడవా?" అంటే
"వ్యూ చూడండి సార్" అన్నాడు.
సత్యవేణి వ్యూ చూడలేదు.
కిటికీ బందు మీద తుప్పు గోటితో గీకి
"రెండేళ్ళకే ఇంత ఉప్పా" అంది.
హుద్‌హుద్ నాడు అద్దాలన్నీ పగిలిన ఇంట్లో
మంచం కింద పడుకున్న మనిషి.
అద్దాల గోడలు ఆమెకి అందంగా కనబడవు.

ఇన్ని పరీక్షలు ఎందుకంటే
మా చిన్నదాని ఛాతీలో పిల్లికూతలు.
ఏ ఇల్లు చూసినా
తడిపిన తెల్లరుమాలొకటి రెయిలింగుకి కట్టి
మర్నాడెళ్ళి విప్పేవాణ్ణి.
దాని రంగు చూశాకే ధర మాట.

జ్ఞానాపురంలో విప్పి కిందకొస్తుంటే
ఇస్త్రీబండి దగ్గర పోలమ్మ నవ్వింది.
"ఏటి బాబూ, రుమాలెట్టి సూత్తన్నావు?
నన్నడిగితే సెప్పనా.
ఈ మేడ తెల్లసొక్కాలు
నా కాడికి బూడిదయ్యొత్తాయి.
మూడో అంతస్తోలు బట్టలు లోపలే ఆరేత్తారు.
నువ్వు సూసీసి ఎల్లిపోతావు.
మేమెక్కడికి ఎల్తాం, ఏటి సూసీసి?"

నేనేమీ అనలేదు.
ఆమె నిప్పులు ఊది
రుమాలు నా చేతిలోంచి తీసుకుని
ఇస్త్రీ చేసిచ్చింది. డబ్బులొద్దంది.
మరక పోలేదు,
చదునైంది.

దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.
మల్కాపురం. అదీ అమ్మకానికి పెట్టిన ఇల్లే.
శనివారం వస్తామన్నారు కొనేవాళ్ళు.
"నాలుగింటికి రండి" అన్నాను.
గాలి ఎప్పుడు మళ్ళుతుందో
పదహారేళ్ళుగా తెలిసినవాణ్ణి.
బాల్కనీ రెండుసార్లు కడిగాం.
దండెం మీది బట్టలు లోపల పడేశాం.
నెబ్యులైజరు తీసి అలమార్లో
చీరల వెనక పెట్టింది సత్యవేణి.
నేను పేపరు చదువుతున్నాను,
ఒకటే పేజీ.

వచ్చిన కుర్రాడి పేరు ఇమ్మానుయేలు.
భార్యకి ఏడో నెల, మెట్ల దగ్గరే కూర్చుంది.
కుళాయిలు తిప్పాడు. పన్ను రశీదులడిగాడు.
గదులు బాగున్నాయన్నాడు.
వెళ్ళబోతూ మొహమాటపడుతూ
"రేపు పొద్దున్న ఆరింటికి
ఒక్కసారి వచ్చి వెళ్ళొచ్చాండీ?" అని
జేబులోంచి తీశాడు
తెల్లటి రుమాలు.
అప్పటికే తడిపి ఉంది.

సత్యవేణి నా వైపు చూసింది.
వంటింట్లో చిన్నది దగ్గింది.

రెయిలింగు దగ్గర అతనికి ముడి పడటం లేదు,
తడిగుడ్డ జారిపోతోంది.
నేనే కట్టాను,
రాత్రి గాలికి ఊడకుండా,
రెండు ముళ్ళు.