తప్పిన తప్పు

పొద్దున్న ఆరుంబావు.
సొహార్ ఇంకా దుప్పటి తియ్యలేదు.
రేవు వైపు నుంచి కంపెనీ బస్సు
రాత్రి షిఫ్టు వాళ్ళ నిద్రని మోసుకుపోతోంది.

నా మొదటి రోగి నీళ్ళు.
డబ్బాలో పోసి మూత బిగించిన నీళ్ళు.
బల్ల మీద పడుకోబెట్టి
సీటీ గుండ్రంలోకి పంపి అడుగుతాను,
నీ విలువెంత అని.
సున్నా అనాలి యంత్రం.
అటు నాలుగు, ఇటు నాలుగు ఓర్చుకుంటాం.
ఐదందంటే ఆ పూట తలుపు తెరవం.

సముద్రాన్ని వడగట్టుకు తాగే ఊళ్ళో
నీళ్ళకి సున్నా వేసి సంతకం పెట్టడం
ఏడేళ్ళయినా నాకు వింతే.

తర్వాత సీసం కోట్లు.
ఒక్కొక్కటీ పరిచి ఎక్స్‌రే కింద చూస్తాను
లోపలెక్కడ చిట్లిందోనని.
పైన బట్ట నిగనిగలాడుతూనే ఉంటుంది,
సీసం మడత దగ్గర విరుగుతుంది.
వేలాడదీయమ్మా అని మరీసెల్‌కి వందసార్లు చెప్పాను.
"యెస్ మేడం" అంటుంది,
కుర్చీ మీద పడేసి పోతుంది.

ఇవన్నీ లెక్కకొస్తాయి.
లెక్కకి రానివాడు పోశెట్టి.

పోయిన మంగళవారం ఇద్దరొచ్చారు.
ఒకే కంపెనీ, ఒకే క్యాంపు, ఒకే నీలం యూనిఫాం.
గడ్డం పోశెట్టి. గడ్డం పోశెట్టి.
ఒకడు మొన్న పరంజా మీంచి జారాడు,
కడుపులో నెత్తురు చేరిందేమో
మందు ఎక్కించి చూడాలి.
ఒకడికి కిడ్నీలో రాళ్ళు,
క్రియాటినిన్ రెండొందల తొంభై,
ఆ మందు ఒంట్లోకి పోకూడదు.

పేరడుగు, పుట్టిన తేదీ అడుగు,
రెండూ కలిస్తేనే సూది.
మూడు భాషల్లో గోడకి అంటించింది నేనే.
అడిగాను.
"పోశెట్టి."
"జనవరి ఒకటి, డెబ్బై తొమ్మిది."
కలిశాయి.

ఈ తీరాన కూలీలందరిదీ జనవరి ఒకటే.
పాస్‌పోర్టు ఏజెంటు పంచాంగంలో
ఏడాదికి ఒక్కటే పురిటి రోజు.
కార్డు నంబరుంది కదా అంటారు. ఉంది.
కార్డులు ఫోర్‌మన్ జేబులో,
ఫోర్‌మన్ కింద కాఫీ దగ్గర.

సిరంజి నిండింది. గొట్టం కలిపాను.
వేలు మీట మీద.
అప్పుడన్నాడు, కళ్ళు మూసుకునే,
"అక్కా, నాకీ మందు పడదన్నడు గద కిడ్నీ డాక్టరు?
మన తెలుగు పిల్లవు,
నీకెర్కే ఉంటదని ఊకున్న."

ఊకున్న.
ఆ మాట మీదే నా వేలు ఇంకా ఉంది.

మధ్యాహ్నం ఫారం నింపుతుంటే
హిలాల్ అల్ బలూషి కుర్చీ లాక్కుని కూచున్నాడు.
ఎవరు చేశారని అడగలేదు.
ఎక్కడ సందు దొరికింది, అని అడిగాడు.
చేతి పట్టీ ప్రింటరు నాలుగు రోజులుగా మూలనుంది.
అది రాశాను.
ఫోర్‌మన్ కాఫీ రాశాను.
పేరు అక్కర్లేదన్న చోట నా పేరూ రాశాను.

"దీన్ని మీ భాషలో ఏమంటారు?"
తప్పిన తప్పు, అన్నాను.
చేసినా తప్పే, తప్పించుకున్నా తప్పే,
మా దగ్గర రెంటికీ కలిపి ఒక్కటే మాట.
ఆయన నవ్వలేదు.
అరబ్బీ అక్షరాల్లో నెమ్మదిగా రాసుకున్నాడు.

రోగికి జరిగిన హాని అన్న గడిలో
సున్నా వేశాను.
ఎప్పుడూ నాలుగు సెకన్లు పట్టని అంకె
ఎంతకీ గుండ్రంగా రాలేదు.

ఇప్పుడు మూడో ప్రశ్న ఉంది గోడ మీద,
ఎందుకొచ్చావో నీ నోటితో నువ్వే చెప్పు అని.
పోశెట్టిని నాలుగోది కూడా అడిగాను,
అసలెప్పుడు పుట్టావని.
"మా ఊళ్ళె కరెంటు కంబాలు పాతిన ఏడు,
మక్క కంకులు పాలు పట్టేటప్పుడు."
ఆ తేదీకి కంప్యూటర్లో గడి లేదు.
కాగితం మీద, మార్జిన్లో, పెన్సిల్‌తో రాసుకున్నాను.

ఇవాళ నీళ్ళు మూడన్నాయి.
హద్దులోనే ఉంది.
మరీసెల్ సంతకానికి పెన్ను అందిస్తోంది.
ఉండమని
డబ్బా మళ్ళీ బల్ల మీద పెట్టాను.