చుక్క తరవాత

శ్రమల దినాల్లో పందొమ్మిదో రోజు.
గుంటూరు మిర్చి యార్డులో ఎండకి
తేజ కాయ కూడా ఒళ్ళు ముడుచుకుంటోంది.
పొద్దున టీ పెట్టనా అని ఎస్తేరు అడగలేదు.
గ్లాసు బోర్లించి పెట్టింది, అంతే.

కడుపు సంగతి నాకు తెలుసు.
పదకొండింటికి ఒకసారి అరుస్తుంది,
ఒంటిగంటకి అలుగుతుంది,
మూడింటికి కుక్కలా వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంటుంది.
దాన్ని కట్టేసుకోవడం చిన్నప్పుడే నేర్చుకున్నాను.
మా ఇంట్లో ఈ నలభై దినాలు కాని రోజుల్లో కూడా
ఒక్కపొద్దులుండేవి.
వాటికి అమ్మ ఏ పేరూ పెట్టలేదు.

ఇంకో ఆకలి ఉందంటారు అయ్యగారు.
ఆయన కోసం నాలుక పిడచగట్టుకుపోవాలంటారు.
నా నాలుక మీద మిరప ఘాటు తప్ప ఏమీ లేదు.
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ప్రార్థన చేసుకుంటాను:
ప్రభువా, ముందు ఆకలి పుట్టించు,
అన్నం సంగతి తరవాత చూద్దాం.

శోధకుడు కొమ్ములతో రాలేదు.
తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వచ్చాడు,
మా కమీషన్ కొట్టు చిన్న యజమాని.
కొబ్బరిబొండాం నా చేతికివ్వబోయి
"అయ్యో, నీకు ఒక్కపొద్దు కదూ" అని
తనే తాగాడు.
రాళ్ళని రొట్టెలు చెయ్యమనలేదు.
శిఖరం ఎక్కి దూకమనలేదు.
"కాటా రాసేటప్పుడు
చుక్క తరవాత అంకెలు వదిలెయ్" అన్నాడు.
నలభై ఒకటీ పాయింటు ఆరొందలైతే
నలభై ఒకటి.
"లెక్క సులువు. నీ కళ్ళకీ మంచిది."

ఆరొందల గ్రాములంటే
చేటెడు కాయ.
ఇరవై రెండు టిక్కీలు.
ఇంకా కాటాకెక్కని వాటి మీద తుండుగుడ్డ పరుచుకుని
ప్రత్తిపాడు అవతల నుంచి వచ్చిన చినపుల్లయ్య
నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
కోత కూలీల బాకీ నిద్రలోనే లెక్కేస్తున్నట్టు
వేళ్ళు కదులుతున్నాయి.

నిజం చెప్పేస్తాను.
పోయినేడు వదిలేశాను.
అంతకు ముందేడూ.
అప్పుడూ ఇవే దినాలు,
మాంసం ముట్టలేదు, సినిమా చూడలేదు,
సాయంత్రం చర్చిలో అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నాను.
ఉపవాసం నేనున్నాను.
పస్తు ఇంకెవరో ఉన్నారు.

మొదటి టిక్కీ:
నలభై ఒకటి, చుక్క, ఆరు, సున్నా, సున్నా.
రెండోది:
నలభై, చుక్క, తొమ్మిది, అయిదు, సున్నా.
కొక్కెం వేసి లాగుతూ హమాలీ దావీదు నా వైపు చూశాడు.
ఏమీ అనలేదు.
చిన్న యజమాని నీడ పుస్తకం మీద పడి
కాసేపు అక్కడే నిలబడింది.
నాకు ధైర్యం రాలేదు.
చెమట వచ్చింది.

పన్నెండో టిక్కీ దగ్గర
చెయ్యి తనంతట తానే చుక్క మానేసింది.
ఏళ్ళ తరబడి నేను మేపిన చెయ్యి.
నలభై రెండు అని రాసేసి కింది గీతకి వెళ్ళిపోయింది.
వెనక్కి లాక్కొచ్చాను.
సందులో చుక్క ఇరికించి మూడంకెలు కుక్కాను.
సిరా అలుక్కుపోయింది.
ఈ పందొమ్మిది రోజుల్లో నేను చేసిన ప్రార్థనంటూ ఏదైనా ఉంటే
బహుశా ఆ మరకే.

చినపుల్లయ్య లేచి కళ్ళు నులుముకున్నాడు.
"ఎంతొచ్చింది బాబూ?"
ఒక్కొక్కటే చదివాను, చుక్కలతో సహా.
మధ్యలోనే ఆవులించి
"పాయింట్లెందుకులే, మొత్తం చెప్పు" అన్నాడు.

సాయంత్రం చుట్టుగుంట సెంటర్లో
బజ్జీల బండి మీద నూనె నన్ను పేరు పెట్టి పిలిచింది.
రేపు కొట్టుకి రావద్దంటారేమో.
ఎస్తేరుకి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.
సైకిలు దిగి నిలబడ్డాను.
కడుపు లేచి తోకాడించింది.
దాని వెనకాల, బాగా వెనకాల,
ఇంకా కళ్ళు తెరవని పిల్ల ఒకటి,
నేను ఎన్నడూ వినని గొంతుతో,
కుయ్యిమంది.