రెండు శీతాకాలాల కట్టెలు

కొయైకేలో మా ఇల్లు నలభై రెండు చదరపు మీటర్లు.
మునిసిపాలిటీ కుర్రాడు టేపు పట్టి కొలిచాడు,
పెదాలతో లెక్కలు వేసుకుంటూ.
పాత పొయ్యి ఇచ్చేస్తే పెల్లెట్ల పొయ్యి సగం ధరకేనట.
పొగ రాదు. బూడిద గుప్పెడే.

నోల్బెర్తో మాట్లాడలేదు.
లెంగా కట్టెని వేలితో తట్టి
ఎండిందో లేదో చెవితో తేల్చే మనిషి,
కాగితం మీది అంకెల్ని ఎక్కడ తట్టాలో తెలీక
టోపీ తిప్పుతూ కూర్చున్నాడు.

"కరెంటు పోతే?" అన్నాను.
"ఆగిపోతుందండీ." నిజమే చెప్పాడు, పాపం.
పోయిన జూలైలో మంచు తీగలు తెంపితే
మూడు రాత్రులు క్లోరిండా పిల్లల్తో సహా
మా వంటింట్లోనే పడుకుంది.

మరి వేణ్నీళ్ళు?
బయటి గోడకున్న గ్యాస్ గీజరు
గాలి తుమ్మితే ఆరిపోతుంది.
తలనిండా సబ్బుతో నేను కేకెయ్యడం,
అగ్గిపెట్టె పట్టుకుని ఆయన చలిలోకి పరిగెత్తడం:
ఇరవై రెండేళ్ళ కాపురంలో
సగం సంభాషణ అదే.

కానీ రోమినా దగ్గు ఉంది.
మే నుంచి సెప్టెంబరు దాకా
ఈ లోయ మూతపెట్టిన కుండ.
ఆ పొగలో మా వంతెంతో ఎవరు తూచారు?

సంతకం పెట్టాను.
ఇంటికి కొత్త పొయ్యి, గీజరుకి ఓ రేకు గొడుగు.

పాతది లారీ ఎక్కేముందు
నోల్బెర్తో దాని తలుపు తెరిచి,
ఆరబెట్టి మర్చిపోయిన నా ఊలు మేజోడొకటి తీసి
జేబులో పెట్టుకున్నాడు.

కొట్టంలో ఇంకా రెండు శీతాకాలాల కట్టెలున్నాయి.
వాటి మాట
ఇద్దరం ఎత్తలేదు.