గది శబ్దం

షూటింగ్ అయ్యాక ఎవర్నీ కదలొద్దంటాను.
ముప్పై సెకన్లు. మాట్లాడకూడదు, దగ్గకూడదు.
ఊరికే ఉన్న గది చేసే చప్పుడు పట్టుకోవాలి.
తర్వాత మాటల్ని కత్తిరించినప్పుడు
ఆ సందులు పూడ్చడానికి పనికొస్తుంది.
మా పనిలో దీన్ని గది శబ్దం అంటారు.
ఇరవై రెండేళ్లుగా ఇలా ఇళ్లలోంచి మౌనాలు మోసుకొచ్చి
గంటల లెక్కన కూలి తీసుకుంటున్నాను.

సిగుల్డాలో ఆ రోజు మంచు మోకాళ్ల దాకా.
వెల్టా గుమ్మంలోనే చెప్పేసింది:
స్లెడ్జి గురించి అడగండి, చెప్తాను.
ఆరో ఏట దాగ్నియా మొదటిసారి వెల్లకిలా జారినప్పుడు
టోపీ ఎగిరి చెట్టుకి తగులుకున్న సంగతి అడగండి.
కొడుకు ఊసు మాత్రం ఎత్తకండి.

హెన్రికె తలూపింది. మంచి పిల్లే.
బూట్లు విప్పి ఉన్ని మేజోళ్లతో లోపలికి నడిచింది.
షాజీరా వేసిన నల్లరొట్టె రెండు ముక్కలు తింది.
టోపీ కథకి నిజంగానే నవ్వింది.
ఆ తర్వాత గోడ మీది ఫొటో వంక చూసి
ఏమీ అడగలేదు.

అడక్కుండా అడగడం ఒక విద్య.
కెమెరా తిరుగుతూనే ఉంది.
హెడ్‌ఫోన్లు నా చెవులకున్నాయి కాబట్టి
వెల్టా గుటక మింగడం
అందరికంటే ముందు నాకే వినబడింది.

నది గట్టిగా గడ్డకట్టిందనుకున్నారట.
గాతిస్‌కి తొమ్మిదేళ్లు.
అక్క చేతిలో చేతితొడుగు ఒకటి మిగిలింది, ఎడమ చేతిది.
అది ఏ సొరుగులో ఉందో కూడా చెప్పేసింది.
పదిహేడేళ్లలో ఆ ఇంట్లో ఆ పేరు
పైకి పలకడం అదే మొదలట.

హెన్రికె కళ్లు తుడుచుకుంది. నిజం కన్నీళ్లే.
తుడుచుకుంటూనే రెండో చేత్తో కెమెరామన్‌కి సైగ చేసింది:
ఇంకొంచెం దగ్గరికి.

నా వంతు వచ్చింది. ముప్పై సెకన్లు అడిగాను.
"మాటలన్నీ తీసుకున్నారు కదా,
ఇదీ తీసుకుపోతారా?" అంది వెల్టా.
అంటూనే కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని,
స్కూల్లో గ్రూపు ఫొటోకి కూర్చున్నట్టు.
ఫ్రిజ్ ఆపించాను.
గడియారం ఆపమనడానికి నోరు రాలేదు.

ఫిబ్రవరిలో, నాలుగు దేశాల అవతలి కొండ మీద,
తొమ్మిదో మలుపులో దాగ్నియా భుజం గోడకి రాసుకుంది.
సెకనులో పదోవంతు ఎక్కడో జారిపోయింది.
పదకొండో స్థానం.
ప్రసార వ్యానులో తొంభై సెకన్ల ముక్క సిద్ధంగా ఉంది,
వయొలిన్‌తో సహా.
ఎడిటరు దాన్ని పక్కకి జరిపి
మోకాలు విరిగి లేచిన కెనడా కుర్రాడి తల్లిని ఎక్కించాడు.

కింద, హెల్మెట్ ఇంకా పూర్తిగా తియ్యకముందే
ఎవరో ఆమె ముందు మైకు పెట్టారు:
ఇవాళ తమ్ముడు గుర్తొచ్చాడా?
ఆమె మైకు వంక చూసింది, దాన్ని పట్టుకున్న చేతి వంక చూసింది.
"మీకెవరు చెప్పారు?"
ఆ మాట నా రికార్డరులో ఉంది.
ప్రసారంలో లేదు.

వారం పోయాక వెల్టా ఫోన్ చేసింది, నాకే.
నా నంబరు రొట్టె పొట్లం కాగితం మీద రాసుకుందట.
రెండు రోజులూ టీవీ ముందే ఉన్నాను,
సౌండు తగ్గించుకుని. రాలేదు, అంది.
కోపమా, ఊరటా?
గొంతులు చదవడమే నా తిండి. అయినా తెలియలేదు.
"మరి దాన్నెక్కడ పెట్టారు?"

హార్డ్‌డిస్కు మీద హెన్రికె చేతిరాత:
దాగ్నియా. తమ్ముడు. పతకం వస్తేనే.
పారెయ్యొద్దంది. నాలుగేళ్లకి మళ్లీ ఆటలొస్తాయి.

అది ఆమెకి చదివి వినిపించలేదు.
భద్రంగానే ఉంది, అన్నాను.

అవతల ఏమీ లేదు.
ఫ్రిజ్. గడియారం. అదే గది.
అలవాటు కొద్దీ లెక్కపెడుతున్నాను.
ఇరవై ఆరు దగ్గర
ఆమె ఫోన్ పెట్టేసింది.