కుట్టు లోపలి మడత

రువీలో, బస్టాండు వెనక సందు.
నాయన అంగడి షట్టర్ సగం దించినాక
కత్తిరింపు బల్ల నాది.
తెల్లగుడ్డ పేలికల్ని మోచేత్తో నెట్టి
మూడు కాగితాలు పరిచినాను:
ఇజ్మీర్. పెనాంగ్. ఒసాకా.
ఒక్కదానికే టిక్కు పెట్టమన్నారు కాలేజీలో,
గురువారం లోపల.

"ర్యాంకు చూసినావా, స్కాలర్‌షిప్పు చూసినావా?"
రాషిదా మేడమ్ అడిగింది.
నేను చూసింది తారీఖులు.
దేశం దాటి ఆరునెలలు నిండితే
నా రెసిడెన్సు కార్డు చచ్చిపోతుంది.
పుట్టింది ఇక్కడి ఆసుపత్రిలోనే అయినా
ఈ ఊళ్ళో నేను
నాయన పేరు కింద ఒక వరుసను.
చెప్తే, మేడమ్ కాసేపు పెన్ను తిప్పుతా కూచుంది.

ఇజ్మీర్, నూట తొంభై ఎనిమిది రోజులు.
కొట్టేసినాను.
సముద్రం ఫొటో బాగుండింది.

పెనాంగ్ నూట పన్నెండే, భయం లేదు.
భయం లేదనే కాబోలు
మనసూ పోలేదు.

ఒసాకా
నూట డెబ్బై నాలుగు.

"ఒసాకానా?"
నాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
పై అరలోంచి ఒక థాను దించి
దాని అంచు నా వేళ్ళ మధ్య పెట్టినాడు.
నీలం ముద్ర, చదవలేని అక్షరాలు.
"పండగ ముందు అందరూ దీన్నే అడుగుతారు మా.
మూడేండ్లు ఉతికినా పచ్చబడదు."
ఇరవై రెండేండ్లుగా ఆ ఊరిని ఆయన
బొటనవేలితో మాత్రమే ఎరుగును.

"నూట ఎనభైలో అది పోతే ఎంత మిగులు?"
"ఆరు రోజులు నాయనా."
నోట్లోని గుండుసూదులు తీసి బల్లమీద పెట్టి
కుడుతున్న దిష్‌దాషా తిరగేసి
పక్క కుట్టు చూపించినాడు.
"ముప్పావు అంగుళం లోపలికి మడిచి వదుల్తాం.
బయటికి కనపడదు.
రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోను."

విమానం ఆలస్యమైతే? జ్వరమొచ్చి పడిపోతే?
నేను అడగలేదు.
ఆయనా మడత మీంచి వేలు తియ్యలేదు.

టిక్కు పెట్టినాను.
దాని కింద ఇంకో గడి:
స్వదేశంలో చిరునామా.
ప్రొద్దుటూరు, మిద్దె, ఎదురుగా నూలు అంగడి,
అంతవరకు వచ్చి ఆగిపోయినాను.
ఇంటి నంబరెంత?
నాయన నీలి సుద్దతో
తెల్ల పేలిక మీద రెండు నంబర్లు రాసి
ఏది మాదో తేలక
రెండూ దులిపేసినాడు.