రెండు బళ్ళు

పట్టుబడి రాత్రి గ్రేడింగ్ బల్ల మీద
ఒకే చెరువు రొయ్యలు రెండు ట్రేల్లో పడతాయి.
ఇది యాభై కౌంటు, ఇది డెబ్భై.
కాటా పక్కన నిలబడేవాణ్ణి,
ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పనిపించలేదు నాకు.

ఎండల్లో, సచివాలయం మెట్ల మీద
ఇద్దరి పేర్లూ ఒకే పూట రాయించాను.
యెమీమా. కెజీయా.
మా అమ్మ యోబు గ్రంథంలోంచి ఏరి పెట్టిన పేర్లు.
ఒకటే పుట్టినరోజు, ఒకటే చిరునామా,
పదకొండు నిమిషాల తేడా.
ఆ పదకొండు నిమిషాలు రాయడానికి ఫారంలో గడి లేదు.
కంప్యూటరు లాటరీ తీసింది.
నా ఫోనుకి ఒకటే మెసేజి వచ్చింది.
రెండోది దారిలో ఉందేమోనని
సిగ్నలు కోసం కాలవ గట్టెక్కి
చీకటి పడేదాకా నిలబడ్డాను.

"పోన్లే, ఒకదానికైనా తగిలింది" అన్నారు టీ కొట్టు దగ్గర.
ఆ 'ఒకదానికైనా'
వేలిలో దిగిన రొయ్య కొమ్ములా
లోపలే విరిగి ఉండిపోయింది.

ఆ సీటు వదిలేద్దాం, అన్నాను సలోమితో.
ఇద్దరూ మన ఊరి బళ్ళోనే చదువుకుంటారు, జంటగా.
తను తోమిన గిన్నె బోర్లించి అంది:
"వదిలేస్తే ఇద్దరూ ఒక్క చోటే ఉంటారు, నిజమే.
రేపు ఇద్దరూ కలిసే అడుగుతారు,
ఎందుకొదిలేశావని."

జూన్‌లో ఎనిమిదింటికి తూము దగ్గర
పాలకొల్లు వెళ్ళే పసుపు వ్యాను.
యెమీమా మెళ్ళో టై, కాళ్ళకి నల్ల బూట్లు.
ఎక్కేముందు ఏడవలేదు.
కెజీయా కూడా ఏడవలేదు.
డ్రైవరే అడిగాడు, రెండో పాప ఎక్కదా అని.
అచ్చం ఒకేలా ఉంటారు మరి.

నా సైకిలు మీద ముందొకరు, వెనకొకరు కూర్చునేవాళ్ళు.
ఇప్పుడు వెనక ఒక్కతే.
బరువు తగ్గింది కదా, సులువుగా పోవాలి.
హ్యాండిలు ఎందుకో ఎడమకి లాగుతుంది.

మొదటి వారం జ్వరాలు. ఒకదానికొస్తే రెండోదానికీ.
రెండు బళ్ళకీ రెండు లీవు లెటర్లు,
ఒకటి నేను రాశాను,
ఒకటి జిరాక్సు షాపు కుర్రాడు ఇంగ్లీషులో.

వాళ్ళకేం చెప్పాలో మాకు తోచలేదు.
వాళ్ళకే తోచింది.
మధ్యాహ్నం బళ్ళో ఇచ్చిన పల్లీ చిక్కీ
కెజీయా సగం తిని సగం జేబులో వేస్తుంది.
నాలుగింటికి ఇల్లు చేరి, సంచీ పడేసి
తూము గోడ మీద కూర్చుంటుంది
కాలవలో గుర్రపుడెక్క కదిలెళ్ళడం చూస్తూ.
ఐదింటికి వ్యాను.
చిక్కీకి బదులు ఓ కొత్త మాట ఇవ్వాలి యెమీమా.
ట్రయాంగిల్. ఎల్లో.
రొయ్యల మేత సంచి తల మీద కప్పుకుని
వానలో ఎదురుచూసిన రోజున, అంబ్రెల్లా.
ఓరోజు మాట తేవడం మర్చిపోయింది.
"అప్పు" అంది కెజీయా, చిక్కీ చేతిలో పెడుతూ.
ఇంటికొచ్చి గోడ మీద బొగ్గుతో గీత గీసింది.
ఆ గీత ఇంకా ఉంది. తుడవనివ్వదు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను.
నాకు టై ఎప్పుడని కెజీయా అడిగిన రాత్రి ఉంది.
మా బళ్ళో గుడ్డు పెట్టరు, నన్నూ ఇక్కడే వేసెయ్ అని
యెమీమా వ్యాను తలుపు పట్టుకు వేలాడిన సోమవారం ఉంది.
వచ్చే ఏడు మళ్ళీ రాయిద్దామని వెళ్తే
"ఒకటో తరగతికేనండి" అన్నాడు సచివాలయం కుర్రాడు,
స్క్రీను మీంచి తలెత్తకుండా.

రాత్రి నేను చెరువు కాపలాకి పోయాక
ఇంట్లో మూడో బడి నడుస్తుందట.
సలోమి చెప్పింది.
వాళ్ళిద్దరే టీచర్లు, వాళ్ళిద్దరే పిల్లలు.
ముందు హాజరు.
కెజీయా?
ఎస్ మిస్.
యెమీమా?
వచ్చానండీ.
తర్వాత నా పేరు పిలుస్తారు.
"నాన్న డ్యూటీ" అంటుంది సలోమి, గోడ వైపు తిరిగి పడుకుని.

ఇక్కడ ఏరేటర్లు నీళ్ళు చిలుకుతుంటాయి.
తొమ్మిదిన్నరకి,
గట్టు మీద ఎవరూ లేరని చూసుకుని
నేనూ ఓసారి అంటాను,
వచ్చానండీ.