లో

ఆ కుండకి వచ్చినవి రెండే మాటలు.
మరిది కూతురు మెర్సీ వంగి చదివి చెప్పింది:
"ఇటు తిప్పితే లో, అటు తిప్పితే హై, పెద్దమ్మా."
హైతో నాకు పనిలేదు.
లో అంటే లోపలనే అనుకున్నాను,
ఇప్పటికీ అట్టాగే అనుకుంటున్నాను.

లక్ష్మీపురంలో మా తోడికోడలు అంట్లు తోమే ఇంట్లో
ఎవరి పెళ్ళికో వచ్చిన కానుకంట.
ఆరేళ్ళు అటక మీద, అట్టపెట్టెలోనే.
అంచున పెచ్చు ఊడిందని ఇచ్చేశారు.
నాకూ ముందు పన్ను ఊడింది,
ఎవరికి ఎవరం వంక పెట్టగలం?

మిర్చి యార్డులో నా చేతికి పేరుంది.
తొడిమలు తీసే కూలి కిలో లెక్కన;
చెయ్యి ఆగితే డబ్బులాగుతాయి.
"నీ వేళ్ళకి దెయ్యం పట్టింది దీవెనమ్మా"
అంటది నాగూర్‌బీ, పక్క గోతం మీంచి.
తిండీ అంతే.
స్టీలు గిన్నెలో తెల్లన్నం, గోంగూర పచ్చడి,
ఏడు ముద్దలు, గుటకెడు నీళ్ళు, మళ్ళీ కాయలు.
ఆ గబగబానే నెత్తుట్లోకి ఎక్కి కూర్చుంది.
పెద్దాసుపత్రి చీటీ మీద రెండొందల అరవై.

"అన్నం నీ ఒంట్లో పరుగెత్తుతోందమ్మా,
నిదానంగా నడిచే తిండి తిను"
అంది ఆ పిల్ల డాక్టరు.
నడిచే తిండి ఏ కొట్లో దొరుకుద్దో
చీటీ మీద రాయలేదు.

మా అమ్మమ్మ ఎడ్లకి ఉలవలు ఉడకేసేది,
దాలిలో, పిడకల సెగ మీద, పొద్దు పొడుగునా.
గుగ్గిళ్ళు ఎడ్లకి, కట్టు మాకు.
ఆ ఎడ్లకి షుగరొచ్చిందని
ఎవరూ చెప్పుకోగా వినలేదు.

అందుకని ఉలవలే పోశాను కుండలో,
పొద్దున నానేసినవి, రాత్రి తొమ్మిదింటికి.
మెంతులు చిటికెడు, నీళ్ళు నిండుగా.
చింతపండు ముందే వేస్తే ఉలవ అలుగుద్ది,
ఎంతసేపు బతిమాలినా మెత్తబడదు.
ఏప్రిల్ నెల, రేకుల ఇల్లు,
పొయ్యి వెలిగిస్తే మనమే ఉడికిపోతాం.
ఇదేమో మూలన కూర్చుని
తనలో తాను గొణుక్కుంటది.
మూడింటికి వాసన వచ్చి లేపుద్ది.

మూత తియ్యకూడదంట.
తీసినప్పుడల్లా అరగంట వెనక్కి పోద్దంట.
చేతులు కట్టుకుని కూర్చోడం
యాభై ఒకటో ఏట నేర్చుకున్నాను.
ఒక రాత్రి కరెంటు పోయింది.
చర్చిలో ఇచ్చిన దుప్పటి కుండకి కప్పి,
చంటిపిల్లనట్టు పక్కనే పడుకున్నాను.
వెచ్చగానే ఉంది, కరెంటు వచ్చిందాకా.

పొద్దున్నే వేలికి సూది.
సూది ఏపాటి నొప్పి?
ఇరవై ఏళ్ళ మిరప ఘాటు దిగిన వేలు,
ఎంత కడిగినా ఆ చిల్లు చురచుర మంటది.
రెండొందల పది. నూట తొంభై.
ఈస్టరు విందు మర్నాడు రెండొందల నలభై,
అది మెర్సీకి చెప్పలేదు.
నిన్న నూట డెబ్బై.

తెల్లన్నం గుర్తు రాదా అంటే, రాకేం.
కొర్రన్నం మీద చారు పోసుకుంటా
కళ్ళు మూసుకుంటే కూడా అది కొర్రన్నమే.
నాగూర్‌బీకి ఓ ముద్ద పెడితే
"గుర్రాల మేత" అని మొహం చిట్లించింది.
మర్నాడు మాత్రం
తన గిన్నె తనే తెచ్చుకుంది.

మొన్న పని మధ్యలో
ఒక కాయని చేతిలో అట్టాగే ఉంచేసుకున్నాను.
ఒళ్ళంతా ఎండి ఎర్రగా గలగలమంటా ఉంటే
తొడిమ మొదట్లో ఇంకా కాస్త పచ్చదనం.
ఇన్ని లక్షల కాయలు వలిచాను,
అక్కడ అది ఉంటదని చూడనే లేదు.

మేస్త్రీ అరిచాడు.